సిస్టమ్స్ కెమిస్ట్రీ (ఒకదానితో ఒకటి ముడిపడిన రసాయన చర్యల అధ్యయనం) పేపర్ పంపే ముందు జాగ్రత్తలు

నాగార్జున యూనివర్సిటీ పీహెచ్‌డీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, "మూడు రోజుల్లో పబ్లిష్ చేస్తాం" అని మెయిల్ వస్తే డబ్బు కట్టకండి. ముందు జర్నల్ పేరు డీఓఏజేలో (అందరూ ఉచితంగా చదవగలిగే జర్నళ్ల జాబితా) వెతకండి, ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ గుర్తింపు నంబరు) కూడా సరిచూడండి, మంచి జర్నళ్ల పేర్లతోనే నకిలీ సైట్లు నడుస్తున్నాయి. ఫీజు భారమైతే రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ వాళ్ల కెమికల్ సైన్స్ ఉంది, 2015 నుంచి రచయితల దగ్గర పైసా తీసుకోవడం లేదు, కాకపోతే వడపోత గట్టిగా ఉంటుంది.

అసలు టెన్షన్ డేటాతోనే. ఆటోకెటాలిసిస్ (చర్యలో పుట్టిన పదార్థమే ఆ చర్యను వేగం చేయడం) మీద పేపరైతే ఎస్ ఆకారపు గ్రాఫ్ ఒక్కటే చాలదు, ఏ నిమిషానికి గాఢత ఎంతుందో ఆ అంకెల ఫైలు, రేటు స్థిరాంకాలు, సిమ్యులేషన్ కోడ్ అన్నీ జెనోడోలో (పరిశోధన ఫైళ్లు దాచే ఉచిత వెబ్‌సైట్) పెట్టి డీఓఐ (ఆ ఫైళ్లకు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) తీసుకోండి, ఇంకొకరు ఆ లెక్కను మళ్లీ నడిపి చూడగలగాలి కదా. ఆ ఫైళ్లకు సీసీ బై (క్రియేటివ్ కామన్స్ వాళ్ల అనుమతి పత్రం) లైసెన్స్ ఇస్తే మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికైనా సరే. పేటెంట్ ఆలోచన ఉంటే ఇవన్నీ బయటపెట్టకముందే గైడ్ గారితో మాట్లాడండి.