రోహిణి కార్తె రాకముందే: పూలతోటకూ ఇంటివాళ్లకూ జాగ్రత్తలు

మల్లెలు విరగబూసే రోజులూ వడదెబ్బలు తగిలే రోజులూ మన నెల్లూరు జిల్లాలో ఒకటే. ఉగాది దాటాక మొగ్గ కడుతుంది, ఏప్రిల్‌ నెలాఖరుకు మామిడి దిగుతుంది, ఆ వెనకే ముంజలు. మే 11 ప్రాంతంలో కృత్తిక కార్తె, 25 ప్రాంతంలో రోహిణి. రోళ్లు పగిలే ఎండలంటే అవే. అవి రాకముందే కొన్ని పనులు చక్కబెట్టుకోవాలి. అందులో ముందుగా చూసుకోవాల్సింది మొక్కను కాదు, నీళ్లు పోసే మనిషిని.

మిట్టమధ్యాహ్నం మందారం ఆకులు వేలాడేసి కనబడితే పెద్దవాళ్లకు ప్రాణం ఆగదు. బకెట్‌ పట్టుకుని మిద్దె ఎక్కేస్తారు. అక్కర్లేదని వాళ్లకు ఇప్పుడే నచ్చజెప్పండి. వేళ్లు అందించే నీటికన్నా ఆకు వదిలేది ఎక్కువైతే ఆకు వాలుతుంది, అంతే. పొద్దు వాలాక మళ్లీ నిక్కితే మట్టిలో తడి ఉన్నట్టే. తెల్లారి కూడా వాలే ఉంటే, వేలు రెండంగుళాలు గుచ్చినా తడి తగలకపోతే, అప్పుడు దానికి దాహం. అది కూడా పొద్దున ఏడు లోపో, సాయంత్రం ఎండ తగ్గాకో తీర్చాల్సిన దాహం. పదకొండు నుంచి నాలుగు దాకా మిద్దె మీద ఎవరికీ పని లేదు.

పడమటి గాలి గట్టిగా కొట్టే రోజున సముద్రపు గాలి లోపలికి రాదు, సాయంత్రమైనా సెగ తగ్గదు. తీరం పక్క ఊళ్లలో ఉక్క ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. నీడలోనే ఉన్నాం కదా అనుకుంటూనే వడదెబ్బ తగిలించుకునేది ఇలాంటి రోజుల్లోనే. తల తిరగడం, వాంతి వచ్చేట్టుండటం, కండరాలు పట్టేయడం మొదలైతే పని ఆపేసి నీడకు రావాలి. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కూడా మంచిదే. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్నా, మనిషి తికమకగా ఉన్నా ఇంటి వైద్యం వద్దు. వెంటనే 108కి ఫోన్‌ చేసి, అది వచ్చేలోపు తడిగుడ్డలతో ఒళ్లంతా తుడుస్తూ గాలి తగలనివ్వండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. బీపీకి, గుండెకు మందులు వాడే పెద్దవాళ్లుంటే, ఎండాకాలంలో నీళ్లు ఎంత తాగొచ్చో డాక్టరును ముందే అడిగి ఉంచుకోండి.

ఇక నీళ్ల సంగతి. ఎండలో పడున్న పైపులో నిలిచిన నీళ్లు చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. అవి నేరుగా కుండీలో పడితే వేళ్లు ఉడుకుతాయి. పక్కన పిల్లలుంటే వాళ్ల ఒళ్లూ కాలుతుంది. ముందు ఒక బకెట్‌లోకి వదిలి, చల్లటి నీళ్లు వచ్చాకే మొక్కకు పట్టండి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. ఆకుల కొసలు మాడి, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే ఉప్పు పేరుకుంటున్నట్టే. ఆర్వో మిషన్‌ నుంచి వృథాగా పోయే నీళ్లను మొక్కలకు పోస్తే పొదుపు అని చాలామంది అనుకుంటారు కానీ, ఆ నీళ్లలో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది. వాటిని బాత్రూం కడగడానికి ఉంచండి. మంచి నీళ్లు దొరికిన రోజున కుండీ అడుగు నుంచి బయటికి కారేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది.

నీళ్ల ఎద్దడికి డ్రమ్ములు నింపి పెట్టుకుంటాం. వాటికి మూత ఉండాలి, వారానికోసారి పూర్తిగా ఖాళీ చేసి లోపల రుద్ది ఆరబెట్టాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కుండీల కింది పళ్లేల్లో నిలిచే నీళ్లకూ ఇదే మాట. మోటారు స్విచ్‌ను తడిచేత్తో, చెప్పుల్లేకుండా ముట్టుకోవద్దు. వైరు ఎక్కడైనా తెగి టేపు చుట్టి ఉంటే ఈ వారమే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

ఎండలు ముదిరాక యూరియా, పచ్చి పేడ జోలికి పోవద్దు. రెండూ వేళ్లను మాడుస్తాయి. బాగా మాగిన ఎరువు గుప్పెడు చాలు. మల్లె మొగ్గను తొలిచే పురుగు కనబడితే పట్టిన మొగ్గలు గిల్లి పారేసి, లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. అంగట్లో ఇచ్చే ఘాటు పురుగుమందులు ఇంటి మల్లెకు వద్దే వద్దు. ఆ పూలు మన తలలోకే కదా వచ్చేది.

మట్టి ఆరకుండా మొదళ్లలో వరిగడ్డి, వేరుశనగ పొట్టు పరుస్తాం. మంచి పనే, కానీ ఈ కాలంలో ఆ చల్లదనం పాములకూ తేళ్లకూ కూడా కావాలి. ఇంటి గోడను ఆనించి గడ్డి, ఇటుకలు, ఖాళీ కుండీలు పేర్చవద్దు. కుండీ జరపాలంటే ముందు కర్రతో తట్టి, మనవైపు కాకుండా అవతలివైపుకు వంచి చూడండి. సందకాడ మొగ్గలు కోయడానికి వెళ్లేటప్పుడు లైటూ చెప్పులూ తప్పనిసరి. నాగుపాము, రక్తపింజరి కాటు తెలుస్తుంది. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పే పుట్టదు, అందుకే మిద్దె మీదో వాకిట్లోనో పడుకుంటే మంచం మీద దోమతెర కట్టుకుని పడుకోవాలి. కాటు పడిందంటే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు వేయడం ఏవీ చేయొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా, విషానికి విరుగుడు ఇంజెక్షన్‌ ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. తేలు కుట్టింది చిన్నపిల్లల్నైతే మంత్రం కోసం కాలయాపన చేయొద్దు. ఎర్రతేలు విషం గుండెను దెబ్బతీయగలదు.

సెలవులకు మనవళ్లు దిగుతారు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త దేవుడి పూజకు పనికొచ్చేవే కానీ వాటి ఆకూ కాయా గింజా విషం. పచ్చగన్నేరు కాయలు రాలిన చోట పిల్లలు వంటాట ఆడుకుంటారు. రోజూ ఊడ్చేయండి.

తినేవాటి దగ్గర నాకు ఎక్కువ భయం రోడ్డు పక్క పళ్ల కన్నా మన పెరటి సొరకాయ గురించే. మొక్కకు ఎండ, నీళ్ల ఎద్దడి తగిలితే సొర, బీర, దోస కాయల్లో చేదు పెరుగుతుంది. ఆ చేదు విషం, వండినా పోదు. వండేముందు చిన్న ముక్క నాలుక కొసకు తగిలించి, చేదైతే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. చేదుగా ఉన్నా ఆరోగ్యమని సొరకాయ రసం గటగటా తాగి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు మన దేశంలో ఉన్నారు. పండించిన కాయ పారేయాలంటే మనసొప్పదు, నిజమే. అయినా పారేయాల్సిందే.

ఉలవపాడు మీదుగా వస్తే హైవే పక్క మామిడి బుట్టలు చూసి ఆగనివాళ్లు అరుదు. కార్బైడ్‌తో మాగబెట్టడం 2011 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధం. అయినా తొక్కంతా ఒకేలా పసుపుగా మెరుస్తూ, వాసన లేకుండా, కోస్తే లోపల పుల్లగా గట్టిగా ఉంటే అనుమానించాలి. దోరకాయలు కొని ఇంట్లో వరిగడ్డిలో మాగేసుకోవడం నా దృష్టిలో ఉత్తమం. ఓపిక ఒక్కటే దానికయ్యే ఖర్చు. ఇంటి చెట్టుకాయ కోసేటప్పుడు తొడిమ కొంచెం ఉంచి కోయండి. కారే సొన ఒంటికి తగిలితే బొబ్బలొస్తాయి, కంట్లో పడితే నరకమే. తినేముందు కాసేపు నీళ్లలో వేసి, ముచ్చిక దగ్గర కడిగేయాలి.

పుచ్చకాయ కోసి పెట్టినవి కొనొద్దు, కాయగానే తెచ్చుకుని తొక్క కడిగాకే కత్తి పెట్టండి. ఈ ఎండల్లో కోసిన ముక్క గంటకు మించి బయట ఉండకూడదు. ముంజలు మీ ఎదురుగా కొట్టించుకోండి. ముదిరినవి పిల్లల కడుపుకు పడవు. నిమ్మకాయ నీళ్లు ఇంట్లోనే కలుపుకోండి. పొదలకూరు మార్కెట్లో ధర ఎంత ఎగిరినా ఒక కాయ మందుల ఖర్చుకన్నా చౌకే. బండి మీద చెక్కిన ఐసు ఏ నీళ్లతో గడ్డకట్టించారో ఎవరికీ తెలియదు.

చివరిగా గాలివాన. మే సాయంత్రాల్లో చెప్పాపెట్టకుండా వస్తుంది. పిట్టగోడ మీద కుండీ పెట్టే అలవాటుంటే ఇప్పుడే కిందికి దించండి. నీడకు కట్టిన గ్రీన్‌ నెట్‌ తాళ్లు సరిచూసి, గాలి మొదలైతే ఒక పక్క విప్పేసేలా ముడి వేసుకోండి. ఉరుములు వినబడితే మామిడి చెట్టు కిందికి కాదు, ఇంట్లోకి పరుగెత్తాలి. మేలో తుఫానులూ మనకు కొత్త కాదు. 2010లో లైలా మే 20న బాపట్ల దగ్గర తీరం దాటింది. హెచ్చరిక విన్న రోజున కుండీలన్నీ గోడవారకు చేర్చి, వేలాడదీసినవి దించి, మిద్దె మీద నీళ్లు పోయే గొట్టంలో ఇరుక్కున్న మల్లెఆకులు తీసేయండి.