లవంగం దగ్గర చేయి ఆపుకోండి: ఇంట్లో మసాలా నల్లబీరు

సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడానికి అమెరికా సమాఖ్య చట్టం 1978లో, అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో, పన్ను లేకుండా అనుమతించింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి పరిమితి ఏడాదికి 200 గ్యాలన్లు, అమ్మకూడదు. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం నేరం కాబట్టి, ఈ పద్ధతి చట్టం ఒప్పుకునే చోట ఉన్నవారికే.

కొలతలు 10 లీటర్లకు. సెప్టెంబరు మొదటి వారంలో మొదలుపెడితే క్రిస్మస్‌కు అందుతుంది. సంక్రాంతికి ఇంకా బాగుంటుంది.

18 లీటర్లకు తగ్గని గిన్నెలో 11 లీటర్ల నీళ్లు 68 డిగ్రీలకు వేడి చేసి, పలుకుగా దంచిన 250 గ్రాముల క్రిస్టల్ మాల్ట్ (మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), 150 గ్రాముల చాక్లెట్ మాల్ట్ (ముదురుగా వేయించినది, ఇందులో చాక్లెట్ ఉండదు) పలుచని గుడ్డలో మూటకట్టి అరగంట నానబెట్టాలి. మూటను పిండకుండా తీసేసి, పొయ్యి ఆర్పి, 1.9 కిలోల లేత రంగు మాల్ట్ పొడిని (మాల్ట్ సారాన్ని ఎండబెట్టినది, పిండి కాదు) ఉండ కట్టకుండా కలపాలి. మంట మీద కలిపితే అడుగంటుతుంది. మళ్లీ పొయ్యి వెలిగించాక, మరగడం మొదలైనప్పుడు పాలలాగే ఒక్కసారిగా పొంగుతుంది కనుక దగ్గరే నిలబడాలి. పొంగు తగ్గాక 40 గ్రాముల ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ రకం హాప్స్ (బీరుకు చేదునిచ్చే ఎండు పూలు) వేసి గంటసేపు మరిగించి, చివరి పది నిమిషాల్లో 225 గ్రాముల ముదురు బెల్లం కరిగించి వడకట్టిన పాకం పోయాలి. తర్వాత గిన్నెను ఐసునీళ్ల తొట్టిలో పెట్టి 20 డిగ్రీలకు చల్లార్చాలి. ఇక్కడి నుంచి బీరును తాకే ప్రతి వస్తువూ బీరు సామగ్రి కోసం అమ్మే శానిటైజర్‌లో (చేతులకు రాసుకునేది కాదు) ముంచినదై ఉండాలి.

పులియబెట్టే పాత్రలోకి ఎత్తు నుంచి పోసి, పరిమాణం తగ్గితే కాచి చల్లార్చిన నీళ్లతో 10 లీటర్లకు నింపి, 11.5 గ్రాముల ఏల్ ఈస్ట్ (ఏల్ రకం బీరును పులియబెట్టే ఈస్ట్) ప్యాకెట్ చల్లి, ఎయిర్‌లాక్ (లోపలి వాయువును వదిలి బయటి గాలిని రానివ్వని మూత) బిగించి 18–20 డిగ్రీల్లో మూడు వారాలు ఉంచాలి. హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రతను కొలిచే పరికరం) రీడింగ్ 1.084 దగ్గర మొదలై 1.020 దగ్గర ఆగితే ఆల్కహాల్ ఎనిమిది శాతం దాటినట్టే.

మసాలాను మరిగే గిన్నెలో వేయమని చాలామంది చెబుతారు; నేను ఒప్పుకోను. మొదటిసారి పది లవంగాలు నేరుగా వేశాను. పంటినొప్పికి పెట్టుకునే లవంగనూనె వాసన ఎన్ని నెలలు ఆగినా పోలేదు, చివరకు మొత్తం పారబోయవలసి వచ్చింది. వేసిన మసాలాను వెనక్కి తీయలేము కాబట్టి, 5 గ్రాముల దాల్చినచెక్క, నలగ్గొట్టిన నాలుగు యాలకులు, 3 గ్రాముల శొంఠి, తెల్లపొర లేకుండా గీరిన సగం నారింజ తొక్క, రెండే లవంగాలు 100 మిల్లీలీటర్ల వోడ్కాలో వారంపాటు నానబెట్టండి. మూడు గ్లాసుల్లో 100 మిల్లీలీటర్ల చొప్పున బీరు పోసి, సూదిలేని సిరంజితో 0.3, 0.6, 0.9 మిల్లీలీటర్ల కషాయం కలిపి రుచి చూడండి. నాకు 0.6 నచ్చుతుంది: కాల్చిన మాల్ట్ చేదు ముందు తెలుస్తుంది, మింగాక ముక్కులోంచి వదిలే ఊపిరిలో దాల్చినచెక్క పలుకుతుంది. నచ్చిన కొలతను వందతో గుణిస్తే మొత్తం బీరుకు సరిపోయే కషాయం వస్తుంది. నా లెక్కలో అది 60 మిల్లీలీటర్లు.

మూడు రోజుల తేడాతో తీసిన రెండు రీడింగులు ఒకటే అయితేనే సీసాల్లో నింపాలి; పులియడం ఆగకముందే నింపితే గాజు పగిలి మనుషులకు దెబ్బలు తగులుతాయి. కషాయంతోపాటు, సీసాలో బుడగలు రావడానికి 50 గ్రాముల పంచదార కాచిన నీళ్లలో కరిగించి కలిపి, ముదురు గోధుమరంగు బీరు సీసాల్లో నింపి మూత బిగించండి. మూడు వారాలు గదిలో, ఆపై రెండు నెలలు చల్లని చీకటి చోట ఉంచాలి. ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే తాగితే మసాలా నాలుకకు అందదు. 12 డిగ్రీలకు రానిచ్చి, అడుగున చేరిన ఈస్ట్ కదలకుండా, చివరి వేలెడు బీరు సీసాలోనే వదిలి పోయండి.