కొత్త క్రెడిట్ కార్డు అడగడానికి సరైన సమయం

బిల్లులన్నీ గడువులోపే కడుతున్నా, మంచి రివార్డులున్న కార్డు అడిగితే బ్యాంకు కాదంటుంది. మా నల్లగొండలో ఉద్యోగులు, చిన్న వ్యాపారులు చాలామందికి ఉన్న చికాకే ఇది. దరఖాస్తు పెట్టిన సమయం కూడా ఇందుకు కారణం కావచ్చు.

పాత కార్డు పరిమితి లక్ష రూపాయలు, ఈ నెల వాడకం 70,000 అనుకోండి. బిల్లు వచ్చాక పైసాతో సహా కట్టినా, మన అప్పుల చరిత్ర చూసి స్కోరు ఇచ్చే సంస్థ సిబిల్‌కు చేరేది స్టేట్‌మెంట్ (నెల బిల్లు) తయారైన నాటి ఆ 70,000 బాకీయే కావచ్చు. బాకీ ఎక్కువగా కనిపిస్తే స్కోరు తగ్గుతుంది. అందుకే స్టేట్‌మెంట్ తేదీకి నాలుగైదు రోజుల ముందే 45,000 కట్టేయండి. బాకీ 25,000కు, అంటే పరిమితిలో 30 శాతం లోపుకు దిగుతుంది. ఒక నెల ఆగి స్కోరు చూసుకోండి. మనంతట మనం చూసుకుంటే అది తగ్గదు. 750 దాటితే ఒక్క బ్యాంకుకే దరఖాస్తు పెట్టండి. నాలుగు బ్యాంకులను ఒకేసారి అడిగితే మన స్కోరు కోసం అవి చేసే నాలుగు విచారణలూ నమోదై స్కోరు పడిపోతుంది.

పెద్ద ఖర్చుకు నెల ముందు అడగడం ఇంకా మంచిది. చాలా కార్డులు మొదటి రెండు మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తేనే చేరిక బోనస్ ఇస్తాయి. దసరాకు ప్రకాశం బజారులో ఫ్రిజ్ కొనాలనుకుంటే పండగకు నెల ముందే అడగండి. దుకాణంలో కార్డుకు రెండు శాతం అదనంగా తీసుకుంటారేమో ముందే కనుక్కోండి, తీసుకుంటే పాయింట్ల లాభం అక్కడే పోతుంది.

ఆరు నెలల్లో ఇంటి రుణం తీసుకునే ఆలోచన ఉంటే మాత్రం ఇదేదీ వద్దు. రుణం మంజూరయ్యాకే కార్డు సంగతి చూడండి.