నాలుగింటి ఆకలి: చిరుతిండికి వేళ, కొలత పెట్టుకునే పద్ధతి

సాయంత్రం నాలుగయ్యేసరికి కాళ్ళు వాటంతటవే బజ్జీల బండి వైపు పోతున్నాయంటే నాలుకను తిట్టుకుని లాభం లేదు. మధ్యాహ్నం పళ్ళెంలో ఏముందో చూడాలి. నెల్లూరు, ఒంగోలు వైపు చాలా ఇళ్ళలో పెద్ద కుప్ప తెల్లన్నం, దాని మీద చారో పులుసో, పక్కన రెండు ముద్దలకు సరిపడా కూర, చివర మజ్జిగ. పాలిష్ పట్టిన బియ్యం తొందరగా అరిగిపోతుంది. పప్పు, కూర, చేప తక్కువైతే మూడు గంటలకే కడుపు మళ్ళీ పిలుస్తుంది. ఆ ఆకలి మీద బజారుకు పోతే దొరికేది నూనె, పిండి, చక్కెర.

ముందు మూడు రోజులు తిండిలో ఏమీ మార్చకండి, ఊరికే రాయండి. అందులో ఒక ఆదివారం ఉండాలి. ఎన్నింటికి, ఏం తిన్నారు, టీలో ఎన్ని స్పూన్ల చక్కెర, అప్పుడు నిజంగా ఆకలేసిందా లేదా. ఈ చివరిది తేల్చడానికి ఒక తేలిక ప్రశ్న ఉంది: ఇప్పుడు ఉడకబెట్టిన గుడ్డు ఇస్తే తింటానా? తింటానంటే ఆకలే. మిక్చర్ అయితేనే కావాలంటే అది పొద్దుపోకో, విసుగుకో, దాహానికో. ఒక గ్లాసు మజ్జిగ తాగి పది నిమిషాలు ఆగి చూడండి. రాసేటప్పుడు అందరూ మరిచేవి వంట చేస్తూ నోట్లో వేసుకున్న శనక్కాయలు, పిల్లలు సగం వదిలేసిన బిస్కెట్లు. వాటినీ రాయాలి.

మధ్యాహ్నం పళ్ళెం

కూర్చుని పనిచేసే పెద్దవాళ్ళకు ఒక పూటకు 75 గ్రాముల బియ్యం, 30 గ్రాముల కందిపప్పు, 150 నుంచి 200 గ్రాముల కూరగాయలు మంచి మొదలు. పొలం పని, క్వారీ పని చేసేవాళ్ళకు ఇది చాలదు. బియ్యం ఎక్కువే కావాలి, దానితోపాటు పప్పూ పెరగాలి. తినే వరస కూడా మార్చి చూడండి. ముందు కూర, పప్పు సగం తిని, ఆ తర్వాత అన్నం కలుపుకోండి. చేపల పులుసు రోజున ఒక చిక్కు ఉంది. పులుసు రుచికి అన్నం రెండింతలు లోపలికి పోతుంది, చేప ముక్క మాత్రం ఒకటే. ముందు రెండు ముక్కలు తిని పులుసన్నం మొదలుపెడితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

టీ లెక్క

చిరుతిండి అనగానే అందరూ బజ్జీ వైపు వేలు చూపిస్తారు. గ్లాసులో కరిగిపోయిన చక్కెర ఎవరికీ కనపడదు. స్పూను చక్కెర 4 నుంచి 5 గ్రాములు. రెండు స్పూన్ల చొప్పున రోజుకు నాలుగు టీలు తాగితే 32 నుంచి 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ విడిగా కలిపే చక్కెరను రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంచితే మేలంటుంది. ఒక్కసారిగా మానేస్తే నాలుగో రోజుకు మళ్ళీ మొదటికే వస్తారు. వారానికి పావు స్పూను చొప్పున తగ్గించండి, రెండు నెలల్లో నాలుకకు తేడా తెలియకుండానే రెండు స్పూన్లు సున్నా అవుతాయి. బెల్లం టీ బోర్డు చూసి మోసపోకండి. బెల్లమూ రక్తంలో చక్కెరను దాదాపు అంతే పెంచుతుంది.

టీలో ఉండే టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని ఉంది. రక్తం తక్కువున్న ఆడవాళ్ళు, పెద్దపిల్లలు దీన్ని గట్టిగా పాటించాలి. నాలుగింటికి టీ తాగితే ఐదింటికి చిరుతిండి. రెండూ కలిపి తీసుకుంటే గుగ్గిళ్ళలోని ఇనుము చాలావరకు వృథా.

రోజువారీకి శనగ గుగ్గిళ్ళు

ప్రకాశం నల్లరేగడిలో శనగ దండిగా పండుతుంది, ధర కూడా జీడిపప్పు మాదిరి భయపెట్టదు. మనిషికి 40 గ్రాముల ఎండు శనగలు చాలు, ఉడికాక రెండింతలవుతాయి. వాటిలో సుమారు 8 గ్రాముల మాంసకృత్తులు, దాదాపు 145 కేలరీలు. కిలో కొంటే పాతిక మందికి ఒక పూట, లేదా నలుగురుండే ఇంటికి ఆరు రోజులు.

రాత్రి పడుకునే ముందు కడిగి, మూడింతల నీళ్ళలో నానబెట్టండి. ఎనిమిది గంటలు చాలు. వేసవిలో, ముఖ్యంగా మేలో, బయట పది గంటలు దాటితే పైన నురగ తేలి పుల్లటి వాసన వస్తుంది. ఆ రోజుల్లో గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పోయండి, కడుపుబ్బరం కొంత తగ్గుతుంది. కుక్కర్‌లో నాలుగైదు కూతలు, తర్వాత సన్న సెగ మీద పది నిమిషాలు. ఆవిరి దానంతటదే పోనివ్వాలి.

ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటే మూడు కారణాలు చూడండి. ఒకటి, శనగలు బాగా పాతవి. రెండు, చింతపండో టమాటానో ముందే వేశారు. పులుపు తగిలితే పప్పుధాన్యాల తోలు మెత్తబడదు, అందుకే పులుపు ఎప్పుడూ ఉడికాకే. మూడు, నీళ్ళు. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, అది శనగను ఉడకనివ్వదు. నానబెట్టడానికీ ఉడికించడానికీ ఫిల్టర్ నీళ్ళు వాడండి. వంటసోడా వేస్తే మెత్తబడే మాట నిజమే, కానీ బి విటమిన్లు కొంత పోతాయి, సోడియం పెరుగుతుంది.

తిరగమాతకు నలుగురికి కలిపి రెండు టీస్పూన్ల నూనె చాలు. ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు, చివర పచ్చికొబ్బరి తురుము ఒక గుప్పెడు. దించాక నిమ్మకాయ పిండండి. పొదలకూరు నిమ్మ పక్కనే ఉండగా వెనిగర్ జోలికి పోనక్కర్లేదు, పైగా నిమ్మలోని సి విటమిన్ శనగల్లోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటి వారం సగం కొలతే తినండి. అలవాటు లేని కడుపు గ్యాస్‌తో గొడవ చేస్తుంది. వారం తిరిగేసరికి విసుగొస్తే అలసందలకో పెసలకో మారండి. పెసలకు రెండు మూడు గంటల నానుడు చాలు.

శనక్కాయలైతే ఒలిచినవి 30 గ్రాములు, అంటే పిడికెడు. ఉడికించినా వేయించినా సరే. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, చేదుగా తగిలినవి పారేయండి. వాటిలో బూజు విషం ఉండొచ్చు, ఇంట్లో వేయించినంత మాత్రాన అది పోదు. బొరుగులు తేలిగ్గా ఉన్నాయని గిన్నెడు లాగించేస్తారు గానీ అవీ బియ్యమే, ఒంట్లో చక్కెర తొందరగా పెరుగుతుంది. 30 గ్రాముల బొరుగులకు 20 గ్రాముల శనక్కాయలు, ఎర్రగడ్డ, టమాటా కలిపితే నిలబడతాయి. బొరుగుల్లో ముందే ఉప్పు ఉంటుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేయండి.

బజ్జీ రోజు

వానపడిన సాయంత్రం మిరపకాయ బజ్జీ వద్దనేవాళ్ళ మాట ఎవరూ వినరు. వారానికి ఒక రోజు పెట్టుకుని, ఇంట్లో చేసుకుని, నూనె లెక్క చూడండి. బాణలిలో పోసే ముందు నూనె కొలవండి, వేయించి చల్లారాక మళ్ళీ కొలవండి. 500 మిల్లీలీటర్లు 440 అయిందనుకుందాం. పోయిన 60 మిల్లీలీటర్లంటే సుమారు 55 గ్రాములు, దగ్గరదగ్గర 500 కేలరీలు. పన్నెండు బజ్జీలు చేస్తే ఒక్కోదానికి నూనె ఒక్కటే 40 కేలరీల పైమాట. పిండి లెక్క వేరే.

ఎక్కువ పీల్చడానికి కారణాలు తెలిసినవే. నూనె కాగకముందే వేయడం, ఒకేసారి బాణలి నింపేయడం, పిండి పలచగా కలపడం, సోడా వేయడం. సోడాతో పిండిలో బుడగలు లేచి, ఆ సందుల్లోకి నూనె దూరుతుంది. కప్పు శనగపిండికి రెండు టేబుల్‌స్పూన్ల బియ్యప్పిండి, చిటికెడు వాము వేసి, గరిటె వెనక మందంగా అంటుకునేటట్టు కలపండి. చిన్న చుక్క పిండి వేస్తే నల్లబడకుండా వెంటనే పైకి తేలాలి, అదే సరైన కాక. తీసినవి జాలీ గరిటెలో అర నిమిషం వార్చండి. మిగిలిన నూనె బట్టతో వడగట్టి, రెండు మూడు రోజుల్లో తిరగమాతలకు వాడేయండి. మళ్ళీ బజ్జీలు వేయకండి.

బండి దగ్గర తినాలంటే బాణలి చూడండి. నూనె నల్లగా, జిగటగా ఉండి, నురగ కడుతూ, సన్న సెగకే పొగ లేస్తుంటే అది చాలాసార్లు కాగిన నూనె. కాగినకొద్దీ పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 నుంచి నిబంధన పెట్టింది. అచ్చు కాగితంలో చుట్టిస్తే వద్దని చెప్పి స్టీలు డబ్బా ఇవ్వండి, వేడి నూనెకు సిరా కరిగి తిండిలోకి దిగుతుంది.

పాకెట్లు, తీపి, మామిడి

పాకెట్ వెనక పదార్థాల వరసలో ముందు రాసింది బరువులో ఎక్కువ. మొదటి మూడింటిలో మైదా, పామాయిల్, చక్కెర ఉంటే ముందువైపు ఏ గింజల బొమ్మ వేసినా తేడా లేదు. సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి హద్దు 5 గ్రాములు.

మలై కాజా, మైసూర్‌పాక్ తినాలనుకుంటే సాయంత్రం ఒంటరిగా కాకుండా భోజనం చివర ఒక ముక్క. పళ్ళకు కూడా అదే మేలు. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో ఆమ్లం ఇరవై ముప్పై నిమిషాలు పళ్ళను తింటుంది, కాబట్టి ఒకేసారి తిన్న కాజా కన్నా గంటగంటకీ చప్పరించే చాక్లెట్ చెడ్డది. ఉలవపాడు మామిడి వచ్చే రోజుల్లో పండును పెరుగన్నం మీదికి కాకుండా ఐదింటి చిరుతిండిగా పెట్టుకోండి. 150 గ్రాముల ముక్కలు సుమారు 100 కేలరీలు. రసం తీస్తే రెండు పండ్లు ఒక్క గుక్కలో పోతాయి, ముక్కలే తినండి.

షుగర్ ఉండి ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్ళు డాక్టర్‌ను అడక్కుండా మధ్యలో తినేది మానకూడదు. చెమటలు పట్టి, చేతులు వణికి, పరీక్షలో 70 కన్నా తక్కువ చూపిస్తే అది గుగ్గిళ్ళ సమయం కాదు, శనగలు మెల్లగా అరుగుతాయి. మూడు నాలుగు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి వెంటనే తాగి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు పప్పుధాన్యాల కొలత డాక్టర్ చెప్పినంతే.

రొయ్యల గుంటల కాపలా, క్వారీ రాత్రి షిఫ్టు చేసేవాళ్ళకు ఐదింటి లెక్క సరిపోదు. డ్యూటీ ఎక్కే ముందు కడుపు నిండా భోజనం, రాత్రి రెండు గంటలకు ఒక ఉడికిన గుడ్డో చిన్న డబ్బా గుగ్గిళ్ళో, మూడు దాటాక టీ బంద్. గుగ్గిళ్ళు పొద్దుటివైతే రాత్రి దాకా ఫ్రిజ్‌లో ఉంచి, కొబ్బరి మాత్రం వేయకుండా తీసుకెళ్ళండి. గుంట గట్టు మీది ఉక్కకు ముందు చెడేది అదే.