అక్షరం తప్పినా సరుకు దొరికేలా సెర్చ్ బాక్స్ ఎలా చేయాలి? పైథాన్ డిఫ్‌లిబ్‌తో

ఒక కిరాణా కొట్టు సరుకుల జాబితాకి సెర్చ్ బాక్స్ పెడుతున్నారనుకోండి. వచ్చేవాళ్లు ఫోన్‌లో హడావిడిగా టైపు చేస్తారు. ‘వెల్లులి’ అని కొట్టిన మనిషికి ‘సరుకు లేదు’ అని చూపిస్తే, మన దగ్గర బస్తాలకొద్దీ వెల్లుల్లి ఉన్నా పక్క కొట్టుకి పోతాడు. కొన్ని వందల సరుకులకి పెద్ద సెర్చ్ ఇంజిన్ అక్కర్లేదు. పైథాన్‌తో పాటే వచ్చే డిఫ్‌లిబ్ అనే లైబ్రరీ చాలు. 2001లో విడుదలైన పైథాన్ 2.1 నుంచీ అది అందులో ఉంది కాబట్టి విడిగా ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు. లిస్టు, డిక్షనరీ అంటే ఏమిటో తెలిసినవాళ్లకి ఒక పూట పని.

ముందు ఊరికే ఒకసారి నడిపి చూడండి

డిఫ్‌లిబ్‌ని ఇంపోర్ట్ చేసి, అందులోని గెట్_క్లోజ్_మ్యాచెస్ ఫంక్షన్‌ని పిలవండి. దానికి ఇవ్వాల్సినవి: వెతికే మాట, సరుకుల లిస్టు, ఎన్ని ఫలితాలు కావాలో చెప్పే ‘ఎన్’, ఎంత పోలిక ఉంటే చాలో చెప్పే ‘కటాఫ్’. చివరి రెండూ మీరు ఇవ్వకపోతే ఎన్ 3, కటాఫ్ 0.6 అని అదే పెట్టుకుంటుంది. బాగా దగ్గరగా ఉన్నదాన్ని ముందు పెట్టి లిస్టు తిరిగిస్తుంది.

మార్కులు ఎలా వేస్తుందో తెలియకపోతే తర్వాత కటాఫ్ దగ్గర గుడ్డిగా అంకెలు మార్చాల్సి వస్తుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. రెండు మాటల్లో వరసగా కలిసే అతి పొడవైన ముక్కని ముందు పట్టుకుంటుంది. దానికి ఎడమవైపు మిగిలినదాంట్లో, కుడివైపు మిగిలినదాంట్లో మళ్లీ అదే పని చేస్తుంది. కలిసిన గుర్తుల లెక్కని రెట్టింపు చేసి, రెండు మాటల మొత్తం పొడవుతో భాగిస్తుంది. అచ్చం ఒకటే అయితే 1, ఏమీ కలవకపోతే 0.

తెలుగు దగ్గర ఒక తిరకాసు ఉంది. వెల్లుల్లి మన కంటికి మూడక్షరాలే. యూనికోడ్‌లో మాత్రం హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వేటికవే విడివిడి గుర్తులు కాబట్టి అది పది. ‘వెల్లులి’ అంటే ఎనిమిది. ఒక ఒత్తు మరిచిపోతే పొల్లు, దాని వెంట ఉన్న హల్లు రెండూ పోయినట్టు. అయినా ఆ ఎనిమిదీ పూర్తిగా కలుస్తాయి: పదహారుని పద్దెనిమిదితో భాగిస్తే 0.89. మంచి మార్కే.

మాటల్ని కడగండి

సరుకు పేరునీ, వెతికే మాటనీ ఒకే ఫంక్షన్‌లోంచి పంపండి. యూనికోడ్‌డేటా మాడ్యూల్లోని నార్మలైజ్‌తో ఎన్‌ఎఫ్‌సి రూపానికి, అంటే ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకేలా రాసే రూపానికి, మార్చండి. ‘మైదా’లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు, తెర మీద తేడా కనపడదు, పోల్చేటప్పుడు మాత్రం కొంప ముంచుతుంది. ‘సన్‌ఫ్లవర్’ మధ్యలో ఒత్తు పడకుండా ఆపే కనపడని గుర్తు, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్, ఉంటుంది. కొందరి కీబోర్డు అది వేస్తుంది, కొందరిది వేయదు. దాన్ని తీసేయండి. ఇంగ్లీషు అక్షరాలుంటే చిన్నబడికి (స్మాల్ లెటర్స్‌కి) మార్చండి.

కీల డిక్షనరీ కట్టండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. లైబ్రరీకి నేరుగా సరుకుల పేర్లు ఇచ్చేస్తే ఏమవుతుందో చూడండి. జాబితాలో ‘తాండూరు కందిపప్పు’ ఉంది. ఎవరో ‘కందిపపు’ అని కొట్టారు. కలిసినవి ఏడు, మొత్తం పొడవు ఇరవై నాలుగు: 0.58. ఒక్క ఒత్తు తప్పినందుకే 0.6 దాటలేక సరుకు కనపడకుండా పోయింది. అదే ‘కందిపప్పు’ అనే ఒక్క మాటతో పోలిస్తే 0.88 వస్తుంది.

అందుకని ఒక్కో సరుకుకి చాలా కీలు తయారుచేయండి: ఖాళీలు తీసేసిన పూర్తి పేరు ఒకటి, పేరులోని ఒక్కో మాటా ఒక్కోటి. డిక్షనరీలో ప్రతి కీకి ఎదురుగా సరుకుల లిస్టు పెట్టండి, ఎందుకంటే ‘తాండూరు’ అనే కీ రేపు ఇంకో సరుకుకీ రావచ్చు. వెతికే మాటలోంచి కూడా ఖాళీలు తీసేస్తే ‘చింత పండు’ అన్నా ‘చింతపండు’ అన్నా గొడవ ఉండదు.

ఒకే సరుకు మూడు నాలుగు కీల ద్వారా తగలొచ్చు. కాబట్టి ఎన్ 10 పెట్టి, వచ్చిన కీలకి సరుకులు తీసి, రెండోసారి వచ్చినవాటిని వదిలేయండి.

ముందు ఫిల్టర్, అది విఫలమైతేనే పోలిక

వెతికే మాట ఏ కీలోనైనా యథాతథంగా ఉందేమో పైథాన్ ‘ఇన్’తో చూడండి. ఉంటే ఆ సరుకులు చూపించి అక్కడితో ఆపేయండి. ‘ఉప్పు’, ‘పప్పు’ మధ్య పోలిక 0.8. ఉప్పు అడిగినవాడికి రాళ్ల ఉప్పు కింద పెసర పప్పు, మినప పప్పు కూడా చూపిస్తే నవ్విపోతాడు. ఇంకో లాభం: ‘కంది’ అని సగం కొట్టి ఆపినవాళ్లకి కూడా ఈ ఫిల్టర్లోనే దొరికేస్తుంది.

కటాఫ్

0.6 నాకు నచ్చదు, తెలుగుకైతే అసలే. ‘వెల్లులి’కి ‘ఉల్లి’ అనే కీతో 0.62 వస్తుంది, అంటే వెల్లుల్లి వెనకాలే ఉల్లి కూడా దూరుతుంది. మరీ చిన్న మాటైన ‘ఉపు’కి ‘ఉప్పు’తో 0.75 వస్తుంది, అది పోకూడదు. ఈ రెంటికీ మధ్య 0.7 పెడితే ఈ జాబితాకి సరిపోయింది. మీ జాబితాకి మీరే ఇలాంటి జతలు రాసుకోండి: దొరకాల్సినవి ఒక పక్క, దొరక్కూడనివి ఇంకో పక్క. ఒక్కో జతకి మార్కులు కావాలంటే సీక్వెన్స్‌మ్యాచర్ తరగతిలోని రేషియో చెబుతుంది. ఆ తరగతికి ‘ఎ’ అనే చోట సరుకు పేరు, ‘బి’ అనే చోట వెతికే మాట ఇవ్వండి. వరస మారితే కొన్నిసార్లు మార్కులూ మారతాయి.

మారుపేర్లు మీరే రాయాలి

ఉల్లిగడ్డ, ఉల్లిపాయ: 0.59. గోంగూర, పుంటికూర: 0.43. కటాఫ్ ఎంత దించినా ఇవి సరిగ్గా కలవవు, దించితే చెత్తంతా వచ్చి పడుతుంది. అక్షరాల పోలిక చూసే లైబ్రరీకి తెలంగాణలో వెల్లుల్లిని ఎల్లిగడ్డ అంటారనీ, పల్లీలూ వేరుశనగ గుళ్లూ ఒకటేననీ తెలిసే దారి లేదు. వీటిని చేత్తో రాసి అదే కీల డిక్షనరీలో కలపండి. అప్పుడు ‘ఎల్లిగడ’ అని తప్పుగా కొట్టినా దొరుకుతుంది.

ఏ మారుపేర్లు రాయాలో కూర్చుని ఊహించకండి. ఫలితం రాని ప్రతి వెతుకులాటనీ ఒక ఫైల్లో రాయించండి. వారానికోసారి అది తెరిచి చూస్తే చాలా వరకు మీ ప్రాంతం పలుకుబడే కనిపిస్తుంది.

జాబితా వేలల్లోకి పెరిగి, నొక్కిన ప్రతి అక్షరానికీ తెర ఆగుతుంటే ఇలాంటి పనే చేసే ర్యాపిడ్‌ఫజ్ అనే లైబ్రరీకి మారండి. దాన్ని పిప్‌తో ఇన్‌స్టాల్ చేయాలి, చాలా వేగం. కీల డిక్షనరీ, కడిగే ఫంక్షన్ అలాగే పనికొస్తాయి. కటాఫ్ మాత్రం మళ్లీ చూసుకోవాలి: అది 100కి మార్కులు వేస్తుంది కదా అని 0.7 బదులు 70 పెట్టేసి ఊరుకోకండి. దాని ఎక్స్‌ట్రాక్ట్ ఫంక్షన్ మామూలుగా వాడే డబ్ల్యూరేషియో మాటలో సగం ముక్క కలిసినా మార్కులు వేస్తుంది. ముందు రాసుకున్న జతలనే దాని మీద ఇంకోసారి నడిపించి అంకె పెట్టండి.