ఆర్బిటర్‌లో గుండ్రంగా లేని చందమామ

ఆర్బిటర్ అంటే కంప్యూటర్‌లో అంతరిక్ష నౌకలు నడిపే సిమ్యులేటర్. అందులో గురుగ్రహానికి ఇంకో ఉపగ్రహాన్ని చేర్చడం కష్టం కాదు. అది గుండ్రంగా లేకపోతేనే తిప్పలు. నేను చేర్చింది అమాల్తియా. 1892లో ఖగోళ శాస్త్రవేత్త బర్నార్డ్ టెలిస్కోపులో కళ్లతో చూసి కనిపెట్టిన ఉపగ్రహం. పొడవు 250 కిలోమీటర్లు, వెడల్పు 146, ఎత్తు 128.

మా అనంతపురంలో శెనక్కాయ లేని ఇల్లుండదు. ఒక కాయ తీసుకుని, దాని కొన ఎప్పుడూ దీపం వైపే ఉండేలా దీపం చుట్టూ తిప్పండి. అమాల్తియా గురుడి చుట్టూ తిరిగేదీ అలాగే.

ఆర్బిటర్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫోల్డర్‌లో అమాల్తియా పేరుతో ఒక టెక్స్ట్ ఫైల్ పెట్టి, సౌరకుటుంబం ఫైల్‌లో గురుడి ఉపగ్రహాల కింద ఒక లైను చేర్చండి. దూరాలన్నీ మీటర్లలోనే ఇవ్వాలి. కక్ష్య 1,81,366 కిలోమీటర్లు కదా అని ఆ అంకెనే వేశాను, చందమామ వెళ్లి గురుడి కడుపులో పడింది! మూడు సున్నాలు మరిచిపోవద్దు.

తన చుట్టూ తాను తిరిగే సమయం 43,043 సెకన్లు. నేను మొదట 0.498 రోజు అని లెక్కేసి 43,027 ఇచ్చాను. తేడా 16 సెకన్లే, కానీ నెల తిరిగేసరికి కొన 8 డిగ్రీలు పక్కకు జరిగింది. ఇక్కడ దశాంశాలు కోసేయొద్దు.

ఆకారాన్ని బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో చేసుకోవచ్చు. అసలు చిక్కు ఆ తర్వాతే. కంటికి శెనక్కాయలా కనబడినా, దిగేటప్పుడు సిమ్యులేటర్ దాన్ని మనమిచ్చిన వ్యాసార్ధం ఉన్న గోళంగానే చూస్తుంది. సగటు వ్యాసార్ధం 83.5 కిలోమీటర్లు ఇస్తే, కొన దగ్గర నౌక 41 కిలోమీటర్లు లోపలికి దిగిపోతుంది. ధ్రువం దగ్గరేమో నేలకు 19 కిలోమీటర్ల పైనే, శూన్యంలో నిలబడుతుంది. ఆ గోళమూ, కంటికి కనబడే నేలా కలిసే చోటు వెతుక్కోవాలి. నా లెక్కలో అది మధ్యరేఖ మీద, కొన నుంచి సుమారు 53 డిగ్రీల దగ్గర. స్థావరం అక్కడే పెట్టాను.

రంగు విషయంలో మాత్రం నాకు చాలా సంతోషం. అమాల్తియా బాగా ఎర్రన. రాప్తాడు దగ్గర మా చేలో వాన పడకముందు ఎర్రనేలను దగ్గరగా ఫోటో తీసి, దాన్నే టెక్స్చర్‌గా, అంటే ఆకారం పైపొరగా, చుట్టాను. అమాల్తియా మీద పడే వెలుగులో పదో వంతు కూడా వెనక్కి రాదు, అందుకే ఫోటోను బాగా నల్లబరిచాను. బెడ్డల నీడలు గుంతల్లా పడ్డాయి.