పొట్టి బ్యారెల్ ఎయిర్ రైఫిల్: గురి చెదిరితే తప్పు పెల్లెట్ బరువుదా, నూనెదా?

"అన్నా, గ్రూప్ రావడంలేదు, ఎన్ని గ్రెయిన్ల పెల్లెట్ వేయాల?" అని అడిగే ముందు స్క్రూడ్రైవర్ తీయండప్పా. (గ్రూప్ అంటే దెబ్బలన్నీ ఒకేచోట పడటం, గ్రెయిన్ అంటే పెల్లెట్ బరువు కొలత, సుమారు 0.065 గ్రాములు.) ముందు చెక్కకు రెండు పక్కలా ఉన్న స్క్రూలు, ట్రిగ్గర్ గార్డు దగ్గరున్న స్క్రూ, స్కోప్ మౌంటు స్క్రూలు అన్నీ ఒకసారి బిగించండి. స్ప్రింగ్ తుపాకి ప్రతి దెబ్బకూ ముందుకూ వెనక్కూ అదురుతుంది, ఇవి వాటంతటవే వదులైపోతాయి. గట్టిగా కూర్చుంటే చాలు, మెలిపెట్టి చెక్క చీల్చొద్దు. నూరు షాట్లకొకసారి చేయాల్సిన ఈ పని ఎవరూ చేయరు, పెల్లెట్ డబ్బాలు మాత్రం నాలుగు రకాలు కొంటారు.

ఇక్కడ చెప్పేదంతా 4.5 మిల్లీమీటర్ల బోరు (బ్యారెల్ లోపలి వెడల్పు) ఉండి, బ్యారెల్ విరిచి లోడ్ చేసే స్ప్రింగ్ రకం గురించి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు ఇంతకు మించకుండా, శక్తి 20 జౌళ్ళు దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. ఇది అట్ట మీద గురి చూసుకోవడానికే. కుందేలు మీదికో పిట్ట మీదికో ఎత్తితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. కర్నూలు దగ్గరి రోళ్ళపాడు అభయారణ్యంలో బట్టమేక పిట్ట కనుమరుగవడం చూసినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

లక్షణం: దెబ్బలో బలం లేదు, బ్యారెల్ పొట్టిదని అనుమానం

మందు తూటా రైఫిల్ లెక్క తెచ్చి దీనికి అంటగట్టడంతో వచ్చే చిక్కు ఇది. అక్కడ మందు కాలుతూ గ్యాస్ గుండును చివరిదాకా నెడుతుంది, కాబట్టి బ్యారెల్ తగ్గితే వేగం తగ్గుతుంది. స్ప్రింగ్ తుపాకిలో పిస్టన్ ఒక్క ఊపు గాలి కొట్టి ఆగిపోతుంది. ఆ గాలి చేసే పనంతా మొదటి జానెడులోనే అయిపోతుంది. పొడుగు బ్యారెల్ ముఖ్య ఉపయోగం విరిచేటప్పుడు చేతికి పట్టు దొరకడమే. సిలిండర్ గాలితో పనిచేసే పీసీపీ రకానికి మాత్రం బ్యారెల్ పొడవు లెక్కలోకి వస్తుంది.

డబ్బా మీద "వెయ్యి అడుగుల వేగం" అని ఉంటే మోసపోవద్దు. గ్రాముల బరువును వేగంతో రెండుసార్లు గుణించి 2000తో భాగిస్తే జౌళ్ళు వస్తాయి, వేగం సెకనుకు మీటర్లలో ఉండాలి. 0.34 గ్రాముల సీసం లేని తేలిక రకం పెల్లెట్ 305 మీటర్ల (అంటే వెయ్యి అడుగుల) వేగంతో పోతే 15.8 జౌళ్ళు. 0.54 గ్రాముల సీసం పెల్లెట్ 240తో పోతే 15.6. బలం ఒకటే, డబ్బా మీద అంకె పెద్దదిగా కనబడాలని తేలికది వేసి కొలుస్తారు.

లక్షణం: పెల్లెట్లు నాలుగు దిక్కులా పడుతున్నాయి

7 గ్రెయిన్లకు లోపుంటే పెల్లెట్ తొందరగా బయటికి జారుకుంటుంది. పిస్టన్‌కు ముందు గాలి మెత్త ఉండదు, పోయి సిలిండర్ చివరి గోడకు కొట్టుకుంటుంది. పిస్టన్ కొసన గాలి పట్టి ఉంచే సీల్ నలుగుతుంది, స్ప్రింగ్ విరుగుతుంది. 10 గ్రెయిన్లు దాటితే పెల్లెట్ కదలడం ఆలస్యమై, పిస్టన్ చివరిదాకా పోకముందే వెనక్కి ఎగిరిపడుతుంది. అట్ట మీద దెబ్బ బాగా కిందికి దిగిపోతుంది. 12 నుంచి 16 జౌళ్ళ తుపాకికి 7.8 నుంచి 8.6 గ్రెయిన్ల గుండ్రటి తల పెల్లెట్ సరిపోతుంది. 10 మీటర్ల మ్యాచ్ రైఫిల్‌కు 7.5 నుంచి 8.2 గ్రెయిన్ల చదును తలది. బరువు కుదిరాక తల కొలత చూడండి: 4.50, 4.51, 4.52 అని డబ్బా మీదే రాసుంటుంది. పెల్లెట్ బ్రీచ్‌లోకి (బ్యారెల్ వెనక నోట్లోకి) రోంత బిగువుగా పోవాలి, దానంతటది జారిపడితే ఆ కొలత మీ బ్యారెల్‌ది కాదు.

లక్షణం: దెబ్బలు పైనుంచి కిందికి నిలువు గీతలా పడుతున్నాయి

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. ఒక డబ్బాతో పైన పడతాయి, ఇంకో డబ్బాతో కింద పడతాయి, మరుసటి రోజు అదే డబ్బాతో తారుమారు. పెల్లెట్ బరువు కుదరలేదని మళ్ళీ కొత్త డబ్బా తెస్తారు. అసలు దొంగ పిస్టన్ ముందుండే గాలి గదిలో చేరిన నూనె.

పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కినప్పుడు ఆ గాలి వందల డిగ్రీలు వేడెక్కుతుంది. లోపల కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే ఏది ఉన్నా డీజిల్ ఇంజన్లో మాదిరి అంటుకుంటుంది. ఠప్పుమని పెద్ద మోత, మూతి దగ్గర పొగ, కాలిన వాసన. కొత్తగా కొన్నవాళ్ళు ఆ మోత విని "బలం బాగుంది" అని సంబరపడతారు. ఒక్కో షాట్‌కు ఒక్కో మోతాదు నూనె కాలుతుంది కాబట్టి ఒక్కో దెబ్బకు ఒక్కో వేగం. బరువు పెల్లెట్ వేస్తే లోపల ఒత్తిడి పెరిగి నూనె ఇంకా ఎక్కువ కాలుతుంది, దెబ్బ పైకి పోతుంది, బరువుదే మంచిదనిపిస్తుంది. నూనె అయిపోయాక అదే పెల్లెట్ కిందికి దిగుతుంది. నూనె పోయేదాకా ఏ బరువు మంచిదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

మన ఎండలు దీనికి తోడు. మేలో రేకుల షెడ్డులోనో కారు డిక్కీలోనో పెడితే స్ప్రింగ్‌కు పూసిన గ్రీజు పలచబడి, తుపాకి మూతి కిందికి పెట్టి ఉంటే ఆ గ్రీజు పిస్టన్ ముందున్న గాలి గదిలోకి దిగుతుంది. పండబెట్టి ఉంచండి. కొత్త తుపాకి మొదటి కొన్ని పదుల షాట్లకు కాస్త పొగ వదలడం మామూలే. వాడిన తుపాకి వదిలితే అనుమానించాలి.

పరీక్ష: మూతికి అర మీటరు దూరంలో తెల్ల కాగితం కట్టి రెండు షాట్లు కొట్టండి. రంధ్రం చుట్టూ నూనె చుక్కలు పడితే దొరికినట్టే. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే పది షాట్లలో ఎక్కువ తక్కువల తేడా సెకనుకు నాలుగైదు మీటర్లలో ఉండాలి, పది దాటితే బాగులేనట్టు.

బాగుచేయడం: చేపల గాలం నైలాన్ దారానికి నూలు గుడ్డ ముక్క కట్టి బ్రీచ్ నుంచి మూతి వైపు లాగండి, పొడి గుడ్డ వచ్చేదాకా. ఇనుప కడ్డీ దూర్చొద్దు. తర్వాత 8 గ్రెయిన్ల పెల్లెట్లు 30, 40 కొట్టండి. తుడిచిన బ్యారెల్‌కు మళ్ళీ సీసం పూత పట్టడానికి పది ఇరవై షాట్లు కావాలి, వాటి గ్రూప్ చూసి బెంగపడొద్దు. తేలిక పెల్లెట్లు ఈ పనికి వాడొద్దు, పెల్లెట్ లేకుండా అసలే కొట్టొద్దు. 70 షాట్లయినా పొగ ఆగకపోతే గది నిండా నూనె ఉన్నట్టే, విప్పి తుడవాల్సిందే. స్ప్రింగ్ లోపల నొక్కి ఉంటుంది, స్ప్రింగ్‌ను నొక్కిపట్టే కంప్రెసర్ పనిముట్టు లేకుండా పిన్ను కొడితే ముఖానికి వస్తుంది. మెకానిక్‌కు ఇవ్వండి.

ఒక్క మినహాయింపు: పాత రకాల్లో పిస్టన్‌కు తోలు వాషర్ ఉంటుంది, అది ఎండితే గాలి పట్టదు. దానికి సిలికాన్ నూనె రెండు చుక్కలు చాలు. సింథటిక్ సీల్ అయితే ఆ రెండు చుక్కలు కూడా వద్దు.

మిగతావి

బ్రీచ్ రబ్బరు రింగు అరిగితే వేగం పడిపోతుంది. జాయింటు మీద టిష్యూ కాగితం ముక్క పెట్టి కొట్టి చూడండి, ఎగిరితే రింగు మార్చండి. బ్యారెల్ వంగడం, మూతి అంచు దెబ్బతినడం చాలా అరుదు, కింద పడేస్తే తప్ప ఆలోచించొద్దు. ఆషాఢం గాలిలో 25 మీటర్లు కొట్టి గ్రూప్ లేదంటే అది తుపాకి తప్పు కాదు, పొద్దున్నే కొట్టండి. అట్ట వెనక కడప బండ గోడ ఉంటే మాత్రం మొదట దాన్ని మార్చాలి: సీసం బండకు తగిలి తిరిగి మీ వైపే వస్తుంది. తడి ఇసుక బస్తా పెట్టండి, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి.